పదో పేరు

ఐదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో చిన్నదే అనిపించింది. ఇప్పుడు క్లాసులో నోరు తెరిస్తే చాలు, అదే ముందుకొచ్చి అడ్డం నిలబడుతోంది. నా భార్యకు చెప్పలేదు. తోటి లెక్చరర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

నేను పెనుకొండలో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ లెక్చరర్ని. కాపురం హిందూపురంలో. రోజూ బస్సులో వచ్చిపోతుంటాను. పేరుకు ఫిలాసఫీ లెక్చరర్నే గానీ మా కాలేజీలో ఆ సబ్జెక్టే ఉండేది కాదు. అన్ని గ్రూపులకూ కలిపి నీతివిలువల పేపరొకటి చెప్పేవాణ్ణి. మిగతా పొద్దంతా హాజరు పట్టీలు, పరీక్షల డ్యూటీలు, బస్ పాసుల మీద సంతకాలు. స్టాఫ్ రూములో కూర్చుని ఒకటే సణుగుడు. తత్త్వశాస్త్రానికి ఇక్కడ చోటు లేదు, నాకొక్క అవకాశం ఇచ్చి చూడండి, అని.

ఇచ్చారు. అదే వచ్చిన చిక్కు.

కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ ఒకరోజు పిలిచి, బీఏలో ఫిలాసఫీ మేజర్ పెడదాం, ఏ సెమిస్టర్‌లో ఏ పేపరుండాలో ప్లాను గీసుకుని రండి అన్నారు. కనీసం పదిమంది దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటేనే కోర్సు నడుస్తుందని కూడా చెప్పారు. ఆ వారం నా కాళ్ళు నేల మీద నిలవలేదు. చార్టు పేపరు కొని గళ్ళు గీశాను. మొదటి ఏడాది భారతీయ దర్శనాలు. తర్వాత నీతిశాస్త్రం. ఆ తర్వాత తర్కశాస్త్రం, పాశ్చాత్య తత్త్వం. చివర్లో పిల్లలు సొంతంగా రాసే ప్రాజెక్టు.

తర్కశాస్త్రం గడి దగ్గర పెన్ను ఆగింది.

నేను ఎమ్మే దూరవిద్యలో చేశాను, గైడ్లు బట్టీ పట్టి. ఒక్క మూలగ్రంథాన్నయినా చివరిదాకా చదివానా? లేదు. చదివినవాడిలా మాట్లాడడం మాత్రం బాగా నేర్చుకున్నాను. ఈ గళ్ళన్నీ రేపు నేనే నింపాలి, ఏళ్ళ తరబడి, రోజూ, అడిగే పిల్లల ముందు నిలబడి. ఇన్నేళ్ళూ నేను అవకాశం అడిగింది అది రాదన్న ధైర్యంతోనే కదా?

అయినా పక్క జూనియర్ కాలేజీకి వెళ్ళి కొత్త కోర్సు గురించి చెప్పి వచ్చాను. వెనక్కి తగ్గితే పరువు పోతుంది మరి. నిజం చెప్పడం గురించి ఏదో గొప్పగా మాట్లాడుతుంటే ఒక అమ్మాయి లేచింది. సుకన్య. రొద్దం దగ్గర పల్లె. వాళ్ళ నాయన గొర్రెలు మేపుతాడు.

"సార్, రోగమున్న గొర్రెను మా నాయన సంతలో అమ్మినాడు. కొన్నాయప్ప అడగల్యా, మా నాయన చెప్పల్యా. అది అబద్ధమా సార్, ఊరకుండడమా?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నాకు జవాబు తెలియలేదు. మంచి ప్రశ్నమ్మా, డిగ్రీలో చేరు, అక్కడ చెప్తాను, అన్నాను. ఆ పిల్ల దాన్ని మాటగా తీసుకుంది. ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళను కూడా ఒప్పించి తీసుకొచ్చింది.

అడ్మిషన్ల ఆప్షన్లు ఆన్‌లైన్లో పెట్టాలి. మా కంప్యూటర్ రూములో నేనే పెట్టించేవాణ్ణి. వాళ్ళ నాయన ఫోను గొర్రెల వెంట గుట్టల్లో ఉంటుంది, సిగ్నల్ దొరకదు. అందుకని సుకన్య దరఖాస్తులో నా నంబరే ఇచ్చాం. మొదటి ఆప్షన్ ఫిలాసఫీ. రెండోది బీకాం కంప్యూటర్స్. ఫిలాసఫీ కోరినవాళ్ళను రాసుకున్న నా నోట్‌బుక్కులో ఆమెది పదో పేరు, ఆఖరిది.

మార్పులు చేసుకోవడానికి ఆఖరి రోజు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. నేను ఆమె దరఖాస్తు తెరిచాను. ఓటీపీ నా ఫోనుకే వచ్చింది. ఒకటినీ రెండునూ తారుమారు చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. క్యారియర్ విప్పి అన్నం తిన్నాను.

తొమ్మిది పేర్లతో కోర్సు నడవదు. ఆగిపోయింది. మిగతావాళ్ళు తమ రెండో ఆప్షన్లకు సర్దుకున్నారు. సీట్ల జాబితా వచ్చిన రోజు ఆమె స్టాఫ్ రూము వాకిట్లో నిలబడింది.

"సార్, నేను పెట్టింది ఫిలాసఫీ గదా సార్? జాబితాలో నా మొదటి ఆప్షన్ కంప్యూటర్స్ అని వచ్చిండాది."

"సర్వర్ సమస్యమ్మా. ఒక్కోసారి అట్లా అవుతుంది."

"మార్చేదానికి అయితాదా సార్?"

"కోర్సే లేదమ్మా ఇప్పుడు. పిల్లలు చాలలేదు."

వెనకున్న వాళ్ళ నాయన తలగుడ్డ చేతిలోకి తీసుకుని నాకు దండం పెట్టాడు. "పోనీలే సార్, కంప్యూటరైతే ఉద్యోగమన్నా వస్తాది. అంతా మీ దయ," అన్నాడు. ఆ దండం నేను తీసుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, చూశారా, ఈ కాలం పిల్లలకు ఇలాంటివి పట్టవు, అని నిట్టూర్చాను. ఆమె నన్ను ఓదార్చారు! నా మీద నాకు ఇంత చిరాకెందుకంటే, ఆ ఓదార్పు నాకు నిజంగానే హాయిగా అనిపించింది.

సుకన్య మా కాలేజీలోనే మూడేళ్ళు చదివింది. బీకాం వాళ్ళకు కూడా నా నీతివిలువల క్లాసు ఉండేది. చివరి బెంచీలో కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. మూడేళ్ళలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మార్కులు బాగానే వచ్చాయి. ఆమె బతుకును నేను బాగు చేశానేమోనని కూడా కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. అయితే ఆ మార్పు ఆమెను అడిగి ఎందుకు చెయ్యలేదు?

మొన్న చెల్లెలికి చీర కొనడానికి ధర్మవరం వెళ్ళాను. పట్టుచీరల దుకాణంలో బిల్లు కొట్టే చోట ఆమె ఉంది. గుర్తుపట్టి లేచి నిలబడింది. టీ తెప్పించింది. ఉద్యోగం బాగుందని చెప్పింది. నేను కప్పు కింద పెట్టబోతుంటే తనే అంది:

"ఆ పొద్దు నేనే యాడో తప్పు నొక్కింటా సార్. కంప్యూటర్ కొత్త గదా. నా ఒక్కదాని వల్ల మీ కోర్సే పోయిందని శానా దినాలు బాధపడితి. మీకెట్ల చెప్పాలో తెలీక ఊరకుంటి."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. దుకాణంలో జనం ఉన్నారనుకున్నాను. బస్సుకు టైమవుతోందనుకున్నాను. "అదేం లేదులేమ్మా" అని, చీర సంచీ పట్టుకుని బయటికొచ్చేశాను. బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. ఆ గంటలో ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళొచ్చో లెక్కపెట్టుకోండి.

ఆమె ఏ తప్పూ నొక్కలేదు. నొక్కింది నేను. ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు చెప్పలేక నొక్కాను.

ఈ మాట రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి నాదే. ధర్మవరంలో ఆమె ఇంకా తప్పు తనదే అనుకుంటోంది.