ఏం లేదండి, బాగానే ఉందండి

ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేసే ఒక చిన్న యూనిట్‌లో ఆర్డర్లు చూసుకునే ఉద్యోగం నాది. అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు ఒళ్లు మండించిన మాట ఒక్కటే: 'ఏం లేదండి'.

మా ఓనరు మంచివాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఏదో శిక్షణకు వెళ్లొచ్చినప్పటి నుంచి, ఆరోగ్యకరమైన పని వాతావరణం అంటూ ప్రతి శుక్రవారం అందరినీ తన ఏసీ గదిలో కూర్చోబెట్టేవాడు.

"మనమంతా ఒకే కుటుంబం. నన్ను మీ తమ్ముడనుకోండి. ఇబ్బందేమన్నా ఉంటే మొహమాటపడకుండా చెప్పండమ్మా" అనేవాడు.

పొయ్యి మీద బోర్లించిన కుండల మీద రేకులు తీసే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఏం లేదండి, బాగానే ఉందండి" అనేవారు. గది దాటగానే నా బల్ల చుట్టూ చేరి ఏడుపు మొదలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగమని బతిమాలుతున్నా అడగరు.

వాళ్లలో పెద్దావిడని అందరం అక్కా అని పిలిచేవాళ్లం. మధ్యాహ్నాలు పొయ్యి ముందు కూర్చుంటే ఆవిడకు కళ్లు తిరుగుతున్నాయి. ఆ వేళప్పుడు నిప్పు దగ్గరకు వెళ్లొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. పెందలాడే పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు పొయ్యిలు ఆపేస్తే సరిపోతుంది. ఆ ఒక్క ముక్క ఓనరుతో అనడానికి ఆవిడకు నోరు రాదు.

చూసి చూసి ఒక శుక్రవారం నేనే, "లోపల వేడికి తట్టుకోలేకపోతున్నారండి" అన్నాను. ఆయన కరిగిపోయాడు. మర్నాడే పొయ్యిల గదిలో రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టించి, తనే ముచ్చటగా స్విచ్ వేశాడు. పొద్దుటి నుంచి తీసిన రేకులన్నీ గాల్లోకి లేచి ముక్కలైపోయాయి. గదంతా పొగ, బూడిద. పూతరేకులు తీసేచోట ఎవరైనా ఫ్యాను పెడతారా? ఫ్యాన్లు బిగిస్తుంటే చూస్తూ నిలబడ్డవాళ్లలో ఒక్కరైనా వద్దనలేదు.

"అంత ముచ్చటపడి పెట్టిస్తుంటే వద్దని ఎలా చెప్తామండి?" అన్నారు నాతో. నేను తల పట్టుకున్నాను.

తరువాతి శుక్రవారం, మధ్యాహ్నం పొయ్యిలు ఆపాల్సిందేనని సూటిగా చెప్పేశాను. ఓనరు అక్క వైపు తిరిగి, "అంత ఇబ్బందిగా ఉందామ్మా?" అని అడిగాడు.

"అబ్బే, అదేం లేదండి. ఈవిడే ఊరికే కంగారుపడుతున్నారండి" అంది అక్క.

ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. పైగా బయటికొచ్చాక, "ఏమీ అనుకోకండేం" అని నాకే సర్దిచెప్పింది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం అక్క కళ్లు తిరిగి, కాలుతున్న కుండ మీదికి ఒరిగిపోయింది. కుడిచెయ్యి కాలింది.

రాజమండ్రి ఆస్పత్రికి ఓనరు పళ్లు పట్టుకొచ్చి, మంచం పక్కన నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు నోరు విప్పింది అక్క.

"మధ్యాహ్నం పూట పొయ్యిలు ఆపిస్తే బాగుంటుందండి."

"అదెంత పనమ్మా! రేపట్నుంచే ఆపేద్దాం."

అన్నట్టే ఆపేశాడు. దానివల్ల ఒక్క ఆర్డరూ ఆలస్యం కాలేదు. అక్క మాత్రం మళ్లీ పొయ్యి దగ్గర కూర్చోలేదు. ఆవిడ కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.