నాలుగో గడి

తప్పు జరిగితే గోలపెట్టే ప్రోగ్రాములంటే నాకు గౌరవం. స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు చిమ్మి, ఫలానా లైన్లో నీ తెలివి తెల్లారింది అని మొహం మీదే చెప్తాయి. నాకు భయమల్లా నోరు మెదపనివంటేనే. అలాంటిదొకటి మా మేనత్త ఊపిరితో ఆడుకుంది. ఈ సంగతి ఎవరికి చెప్పినా "ఇప్పుడు బాగానే ఉన్నారు కదా" అని తేల్చేస్తారు. అందుకని చెప్పడం మానేసి రాస్తున్నాను.

మా ఆఫీసు ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేటలో, ఒక మిఠాయి కొట్టు మీద రెండు గదులు. ఉండేది ముగ్గురం. యజమాని బెంగాలీ ఆయన. మిషన్లు చేసేదీ ఆయనే. మేం దాదా అంటాం. రెండో మనిషి నిజామాబాదు నుంచి ఇక్కడికి ఇంజనీరింగు చదవడానికొచ్చి, చదువయ్యాక ఈ ఊరు వదలబుద్ధి కాక ఉండిపోయినవాడు. మూడోదాన్ని నేను. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనాయన కూతుర్ని, ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగినదాన్ని.

మేం చేసేది అరచేతిలో పట్టేంత పెట్టె. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని బతికేవాళ్ళుంటారు కదా, ఆ సిలిండరు మూతికి దాన్ని బిగించి ప్లగ్గులో పెడితే, లోపల ఎంత మిగిలిందో ఇంటివాళ్ళ ఫోనుకి పంపుతూ ఉంటుంది. అడుగంటే ముందు ఫోను మోగుతుంది. కబురు వీలైనంత చిన్నదిగా వెళ్ళాలి కాబట్టి ఒక లైబ్రరీ వాడతాం. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామే. అది అక్కడ అంకెల్ని మూటగడుతుంది, ఇక్కడ విప్పుతుంది. బరువు తగ్గాలని మూటలో పేర్లు పెట్టదు, గడుల నంబర్లు మాత్రమే ఉంటాయి. రెండో గడిలో సిలిండరు ఒత్తిడి, నాలుగో గడిలో పెట్టె బ్యాటరీ నూటికి ఎంతుందో, అలాగన్నమాట. ఏ గడిలో ఏముందో కట్టేవాళ్ళూ విప్పేవాళ్ళూ ఒకేలా అనుకోవాలి. అనుకున్నంత కాలం సుఖంగా సాగిపోతుంది.

మొదట తయారైన పెట్టెని మా మేనత్త ఇంట్లో పెట్టాం. మావాళ్ళకి అదొక అలవాటు. ఏది కొత్తగా చేసినా ముందు అయినవాళ్ళ మీదే ప్రయోగం. మామయ్యకి బజారులో కిరాణా కొట్టుంది, ఇక్కడి తెలుగువాళ్ళందరికీ చింతపండూ అప్పడాలూ ఆయనే ఇస్తాడు. ఆవకాయ కొత్త జాడీ విప్పితే మొదటి గరిటె మా ఇంటికే వచ్చేది, ఉప్పెక్కువైందని తిట్టుకుంటూ తినేవాళ్ళం. అత్త చిన్నప్పటి నుంచీ బొగ్గుల పొయ్యి ముందే బతికింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. నిమ్‌పురాలో రైల్వే యార్డు పక్కనున్న వాళ్ళింట్లో, మంచం తలవైపు ఎప్పుడూ ఒక సిలిండరు నిలబడి ఉంటుంది. మా పెట్టె దానికి నేనే బిగించాను. అయినవాళ్ళకి బిల్లేమిటని దాదా రాయలేదు.

అత్త ఎంత మురిసిపోయిందో చెప్పలేను. అంతకుముందు మామయ్య రోజూ పొద్దున్న కొట్టుకెళ్ళే ముందు సిలిండరు మీది మీటరు ముల్లు చూసి వెళ్ళేవాడు. ఇక ఫోనే చెప్తుంది కదా అని, అత్త పాత చీరతో పువ్వుల తొడుగొకటి కుట్టి సిలిండరుకి మీటరుతో సహా తొడిగేసింది. ముల్లు అందులో దాగిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి ఆస్పత్రిలా కనపడకూడదని ఆవిడ తాపత్రయం. నేను బాగుందన్నాను, నిజంగా బాగానే ఉంది.

కొన్నాళ్ళకి, ఒత్తిడి అంకె జనానికి అర్థం కావట్లేదు, నూటికి ఇంత మిగిలిందని చూపిద్దామన్నాడు దాదా. బ్యాటరీ సంగతి ఎవరికీ పట్టడం లేదని దాన్ని తీసేశాం. ఖాళీ అయిన నాలుగో గడిలో నిజామాబాదు ఆయన ఆక్సిజన్ శాతం పెట్టాడు. తీసేసిన గడి నంబరు మళ్ళీ వాడొద్దు, తలుపు మూసి పెట్టండి అని ఆ లైబ్రరీ రాసినవాళ్ళు చెప్తూనే ఉంటారు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. కానీ అమ్మిన పెట్టెలన్నీ దాదా బిల్లులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి తెచ్చాడు, అన్నిటికీ కొత్త ప్రోగ్రాము ఎక్కించాం, ఇక పాతదెక్కడుంది?

ఆ సాయంత్రం సింగాడాలు, అంటే ఇక్కడి సమోసాలు, తింటూ మా నాన్న చెప్పిన కబురొకటి చెప్పాను. వర్క్‌షాపులో ఆయన గ్యాంగులో ఒకాయన జబ్బు చేసి పోయాడట. హాజరుకి వాడే ఆయన నంబరు ఇత్తడి టోకెన్ని కొత్తవాడికి ఇవ్వబోతే గ్యాంగంతా అడ్డం పడ్డారట, ఆ నంబరు పిలిస్తే ఎవడు పలుకుతాడో అని. టోకెను చాలాకాలం మేకుకే వేలాడిందట. దాదా పడీపడీ నవ్వాడు. "టోకెన్లకి కూడా దయ్యాలుంటే ఈ ఊళ్ళో మనుషులకి చోటేదీ?" అన్నాడు. మేమూ నవ్వాం. అప్పుడే మామయ్య ఫోనులో కొత్త యాప్ దానంతటది దిగిపోయి ఉంటుంది.

వైశాఖంలో ఒక పొద్దున్న, అన్ని పెట్టెల గీతలూ కనిపించే స్క్రీన్ ముందు కూర్చున్న నిజామాబాదు ఆయన నన్ను పిలిచాడు.

"అక్కా, గిదేంది చూడు. గీ ఒక్క సిలిండర్ల గాలి దానంతటదే నిండుతున్నది."

చూశాను. మిగతా గీతలన్నీ రోజురోజుకీ దిగుతూ, సిలిండరు మార్చినప్పుడు ఒక్కసారిగా లేస్తున్నాయి. ఇది మాత్రం ఎప్పుడూ నూరు దగ్గరే ఉంది. మధ్యలో కాస్త దిగి, మళ్ళీ మెల్లమెల్లగా ఎక్కుతోంది. నింపేవాడు లేకుండా సిలిండరు నిండదు. ఆ స్క్రీన్ మీద పేర్లుండవు, పెట్టె నంబర్లే ఉంటాయి. ఆ నంబరు మాకెవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం దాకా దానితోనే కుస్తీ పట్టాం. మూట విప్పేచోట తప్పుందేమోనని లైబ్రరీ పాత వెర్షను పెట్టి చూశాం, కొత్తది పెట్టి చూశాం. ఆ పెట్టె నుంచి వచ్చిన మూటల్లో నాలుగో గడిని విడిగా తీసి అంకె అంకె చదివాం. అన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి. నాలుగో గడిలో నూటికి లోపు అంకె ఉండాలి, ఉంది. లైబ్రరీ ఒక్క తప్పు కూడా చూపించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పద్ధతిగా ఉన్నదాన్ని ఏమని తిట్టాలి?

ఇంతలో పడమటి ఆకాశం నల్లగా ముసురుకొచ్చింది. కాలవైశాఖి, ఇక్కడి వేసవి గాలివాన. ఎదురుగా దుకాణాల రేకులు దడదడలాడాయి, రోడ్డు మీది దుమ్మంతా లేచి మా కిటికీని కప్పేసింది. కరెంటు పోయింది. మా ఇన్వర్టరు మీద స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది. అందులో ఆ గీత దిగడం మొదలెట్టింది. అందరూ చూస్తుండగా ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

"ఇంతకుముందు దిగినప్పుడు కూడా కరెంటు పోయిందా?" అని అడిగాను.

నిజామాబాదు ఆయన వెనక్కి జరిపి చూశాడు. మొన్న సాయంత్రం కరెంటు లేదు, మొన్నా దిగింది. అంతకుముందు ఆదివారం కూడా అంతే. కరెంటు పోతే దిగుతోంది, వస్తే ఎక్కుతోంది.

అది ఆక్సిజన్ కాదు. బ్యాటరీ. ఎక్కడో ఒక పాత పెట్టె, ఎవరూ పిలవని పాత నంబరుతో పలుకుతోంది.

"పాతవి లేవు. ప్రతి బిల్లూ చూసి నేనే తెచ్చాను" అన్నాడు దాదా. ఆయన అబద్ధం చెప్పలేదు. బిల్లున్నవన్నీ తెచ్చాడు. బిల్లు లేనిది ఎవరింట్లో ఉందో నాకు అప్పుడు తట్టింది.

అత్త ఫోను మోగి మోగి ఆగిపోయింది. మామయ్య ఫోను కలవలేదు. పరీక్షల కోసం ఆఫీసులో ఒక చిన్న సిలిండరుంది. దాన్ని తీసుకుని వెనక రమ్మని దాదాకి చెప్పి, కింద నిలబడ్డ టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కాను. వానలో రానన్నాడు టోటో అతను. బెంగాలీలో ఏం తిట్టానో గుర్తు లేదు, బయల్దేరాడు. దారిలో ఒక కొమ్మ విరిగి అడ్డంగా పడుంది, దాన్ని ఇద్దరం కలిసి లాగాం. నిమ్‌పురా దగ్గర పడేసరికి పట్టపగలే లైట్లు లేని క్వార్టర్లన్నీ నల్లగా ఉన్నాయి. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. దారంతా ఒకటే తలుచుకున్నాను: ఎన్నాళ్ళ నుంచి?

తలుపు దగ్గరగా వేసుంది. అత్త మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని, ముందుకి వంగి కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"ఒలమ్మా, ఇంత వానలో ఏటే... ఇలగొచ్చీసినావు?" మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి అందుకుంటోంది.

సిలిండరు తొడుగు పట్టుకుని లాగాను. కుట్లు పటపటా ఊడాయి. ముల్లు సున్నా మీద ఉంది.

దాదా తెచ్చిన సిలిండరు బిగించాక కూడా చాలాసేపు ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి. వానలో తడిసిన మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. చేతిలో ఫోను ఉంది. దాని మీద ఇంకా నిండుగానే ఉంది. కరెంటు వచ్చినట్టుంది, అంకె మళ్ళీ ఎక్కుతోంది.

"ఈసారి గట్టిగా నింపినారనుకున్నాను" అన్నాడు. "సిలిండరు మార్చేవోడు వస్తే, ఇంకా ఉన్నాది, తరవాత రా అని పంపించీసినాను. మీ అత్త ఆయాసమంటే, నిండుగా ఉన్నాది కదా నీకు భయమే ఎక్కువ అని కసిరినాను." బజారులో అంత గొంతున్న మనిషి గొణిగినట్టు చెప్పాడు.

"మరి నాకు ఫోనెందుకు చెయ్యలేదు అత్తా?" అని అరిచాను. అరవకూడదని తెలుసు. ఆగలేకపోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సేసిన మిషను నిండుగా ఉన్నాదంతన్నాది కదే. అది తప్పెందుకు సెప్తాది? నాకే ఏటో అయిపోతన్నాదనుకున్నాను. ఒళ్ళు అలవాటు తప్పిపోనాదేమోనని, రెండ్రోజులు ఓర్సుకున్నాను."

ఊపిరి ఆడటం లేదని ఆవిడ ఒళ్ళు చెప్తూనే ఉంది. ఆవిడ మాత్రం నేను బిగించిన పెట్టెనే నమ్మింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే అదే పని. నిజామాబాదు ఆయన ఆక్సిజన్ శాతానికి వేరే గడి ఇచ్చి, నాలుగో గడి ఇక ఎవరూ వాడకుండా మూసేశాడు. ఇప్పుడు దాన్ని ఎవరు ముట్టుకున్నా ప్రోగ్రాము తయారే కాదు, ఎర్రక్షరాలు కక్కుతుంది. అత్త ఇంటి పెట్టెని నేనే విప్పి తెచ్చేశాను. తొడుగు మళ్ళీ కుట్టలేదు. మామయ్య రోజుకి నాలుగుసార్లు ముల్లు చూస్తాడు. చూసి వేలితో కొట్టి మరీ చూస్తాడు.

మొన్న వెళ్ళినప్పుడు అత్త గుమ్మంలో కూర్చుని తోటకూర తుంచుతోంది. గొంతు కింద గుంట పడి లేస్తోంది, భుజాలు ఎగురుతున్నాయి. సిలిండరు నిండుగానే ఉంది, ముల్లు నా కళ్ళతో చూశాను. గొట్టం తీసుకెళ్ళి ముక్కుకి పెడుతూ, "ఆయాసంగా ఉందా అత్తా?" అన్నాను.

తుంచడం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఏమోనే. ఆయాసంగా ఉన్నాదంతావా?" అంది.