దొరసాని ఒప్పుకుంటుందా

కేబుల్ వైరు మా పడమటి నెల్లూరు ఊళ్ళలోకి కొత్తగా పాకిన ఆ రోజుల్లో, టీవీలో ఏ దేశం కనిపించాలో నిర్ణయించేది మనం కాదు, మిద్దె మీద డిష్ తిప్పే కేబులతను. అతను తిప్పిందే మాకు ప్రపంచం. ఉదయగిరిలో మా ఇంట్లో అట్లా ఒక వేసవంతా జపాను కార్టూను వచ్చింది, మాటలు ఇంగ్లీషులో. అక్కడ పేరుమోసిన బొమ్మల ప్రేమకథట. చేపల కొట్టువాళ్ళ అమ్మాయి, పెద్ద కంపెనీ యజమానురాలి కొడుకు. వాడి తల్లి ససేమిరా అంటుంది. చివరికి ఆ తల్లే కారు దిగి, బురదలో చెప్పులు చేత పట్టుకుని చేపల కొట్టుకు నడిచొచ్చి పిల్లనడుగుతుంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. (బొమ్మలకు ఏడ్చేదేందని మా నాయన అడిగితే కంట్లో నలుసని చెప్పాను.)

ఆ తర్వాత టైపు నేర్చుకోవడానికి ఆత్మకూరులో మా పెద్దమ్మ ఇంటికి చేరాను. పెద్దమ్మకు గేదెలున్నాయి, పాల వాడికలున్నాయి, మాట మీద నిలబడే పట్టుదల ఉంది, ఒక్కడే కొడుకున్నాడు. అన్న కరెంటాఫీసులో గుమాస్తా. సీతారామపురంలో ఒక మిషను కుట్టేవాళ్ళ అమ్మాయిని చేసుకుంటానని కూర్చున్నాడు. ఆ పిల్ల అక్కడే చిన్న బడిలో చదువు చెప్పేది. పెద్దమ్మకు ఆ పిల్ల గుణం మీద పేచీ లేదు, పాటలు బాగా పాడతాదని కూడా ఒప్పుకునేది. కానీ బస్సు సరిగా పోని ఊరి నుంచి, మిషను చప్పుడు తప్ప ఆస్తి లేని ఇంటి నుంచి కోడలా అని మూతి తిప్పేది. ఆ మాట ఎత్తితే చాలు, లేచి గేదెల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం టీవీలో ఏదో సీరియల్ మొదలైంది. జపాను వాళ్ళ బొమ్మల కథ ఆధారంగా అని మొదట్లోనే వేశారు గానీ, తీసింది వేరే దేశం వాళ్ళు, మాటలు మాకెవరికీ తెలియని భాష, కింద ఇంగ్లీషు అక్షరాలు. చేపల కొట్టు కనిపించగానే నేను ఎగిరి గంతేసి ఈ కథ నాకు తెలుసన్నాను. అదే నా కొంప ముంచింది. అంతకుముందు మా చర్చిలో స్త్రీల కూటానికి వచ్చిన ఒక అమ్మగారి ఇంగ్లీషు ప్రసంగాన్ని నేను తర్జుమా చేసి ఉన్నాను. మా వైపు తర్జుమా అంటే పక్కనే నిలబడాలి, ఆమె చెయ్యి ఎత్తితే మనమూ ఎత్తాలి, ఆమె గొంతు పెంచితే మనమూ పెంచాలి, చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. కాబట్టి పెద్దమ్మ నన్ను టీవీ పక్కన నిలబెట్టింది. కాళ్ళు నొస్తున్నాయి కూర్చుంటానంటే, కూర్చోని తర్జుమా చేసేవాళ్ళను యాడన్నా చూసినావా అంది.

వారం తిరక్కుండానే వీధిలో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరారు. హీరోయిన్ కడిగి పారేస్తే నేనూ చెయ్యి విసిరి కడిగి పారేసేదాన్ని, వాళ్ళు అలవాటు కొద్దీ ఆమెన్ అనేవాళ్ళు. హీరో తల్లికి దొరసాని అని పేరు పెట్టారు. అందరూ దొరసానిని తిడుతుంటే పెద్దమ్మ ఒక్కతే ఆమె పక్షం. కని పెంచిన తల్లికి ఆ మాత్రం అధికారం ఉండదా అని టీవీకే చెప్పేది.

అన్న ఇదంతా గమనించి, నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "దొరసాని ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకుంటాది. చెప్పులు చేత పట్టుకోని నడిచొస్తాది. నేను చూసినాను కదన్నా," అన్నాను.

ఆ ధైర్యంతో మర్నాడు వసారాలో, అందరూ వింటుండగా తల్లిని కదిపాడు. పెద్దమ్మ కొంగు దోపుకుని తేల్చేసింది. "ఆ దొరసాని ఒప్పుకున్న రోజు నేనూ ఒప్పుకుంటా. ఆమె కాదంటే నా దగ్గర ఇంక ఆ పిల్ల ఊసెత్తొద్దు, అబ్బయ్యా."

అందరూ ఆమెన్ అన్నారు. అన్న ముఖం వెలిగిపోయింది. ఆ పిల్ల నాయన కలిగిరి సంబంధం వాళ్ళకు వచ్చే ఆదివారం మాట ఇవ్వబోతున్నాడని అప్పటికే కబురొచ్చింది. సీరియల్ శుక్రవారంతో ఆఖరు.

ఆ వారంలోనే నాకు అనుమానం మొదలైంది. కార్టూనులో వాన పడిన చోట ఇక్కడ ఎండ కాస్తోంది. అక్కడ కారులో కూర్చుని మెత్తబడిన దొరసాని ఇక్కడ అదే కారెక్కి ఇంకా బిగుసుకుంది. ఒక దేశం కథను ఇంకో దేశం వాళ్ళు తీస్తే మార్చుకుంటారని నాకేం తెలుసు? మాకు తెలిసిన తర్జుమాలో అట్లా మారిస్తే మైకు లాక్కుంటారు. ఆ సంగతి అన్నకు చెప్పే ధైర్యం లేక అన్నం సయించక తిరిగాను. (టైపులో కూడా తప్పులు కొట్టి మేడం చేత చీవాట్లు తిన్నాను.)

శుక్రవారం కరెంటు పోకూడదని అన్న లైన్‌మన్ కాళ్ళావేళ్ళా పడి, సెలవు పెట్టి, తలుపు వెనక నిలబడ్డాడు. వసారా కిక్కిరిసింది. నేను టీవీ పక్కన. టీవీలో కొడుకు పెట్టె సర్దుకుని తల్లి ముందు నిలబడ్డాడు. నువ్వు ఎప్పుడు పిలిచినా తిరిగొస్తానన్నాడు, అది చెప్పాను. దొరసాని ఏదో అంది, కింద అక్షరాలు పడ్డాయి. నువ్వు నాకు కొడుకువే కాదు, పో. అది మాత్రం చెప్పకుండా అన్న వైపు చూశాను. తలుపు వెనక అన్న నా ముఖం చూసి తెల్లబోయి, చేత్తో తిప్పెయ్యి తిప్పెయ్యి అని సైగలు చేస్తున్నాడు. ఒప్పుకుందని ఒక్క మాట అంటే చాలు, ఆ వసారాలో కాదనేవాళ్ళు లేరు. కొడుకు గడప దాటి వెళ్ళిపోతున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"నువ్వుండవే," అంది పెద్దమ్మ, చెయ్యి అడ్డం పెట్టి. చూపు టీవీ మీద నుంచి తిప్పలేదు. అక్కడ బారెడు బల్ల, దాని నిండా గిన్నెలు, ఒక చివర దొరసాని. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఆమె ముద్ద తీసుకుంది, నోట్లో పెట్టుకుంది, నమిలింది. మాటల్లేవు. అట్లాగే కథ అయిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

ఈసారి పెద్దమ్మ లేచి గేదెల దగ్గరికి పోలేదు.

"అంత బల్ల మీద ఒకతే ఎట్ట తింటాదే?" అంది చివరికి, మెల్లగా. తర్వాత తల తిప్పకుండానే తలుపుతో మాట్లాడింది. "అబ్బయ్యా. రేపు తొలి బస్సుకి సీతారామపురం పోవాల. నేనూ వస్తా. పాల క్యాను తోమి పెట్టు, చేతులూపుకుంటా పోతే ఏం బాగుంటాది."

అన్న అక్కడే గోడకానుకుని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఈసారి నలుసు అని చెప్పలేదు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టకపోతే నేను ఏమని తర్జుమా చేసి ఉండేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పోయేదాకా కోడలు ఎదురుగా కూర్చుంటే గానీ కంచం ముట్టలేదు. ఆ జపాను కథను తర్వాత ఎన్ని దేశాల వాళ్ళు తీశారో, అన్న కూతురు ఫోనులో అన్నీ చూసేసింది, ఏది గొప్పదో నాకు పాఠం చెబుతుంది. మొన్న ఇంకొకటి మొదలుపెట్టి, "అత్తా, నీకు కథ తెలుసు కదా, ఇందులో తల్లి ఒప్పుకుంటాదా?" అని అడిగింది. తెలుసు అనబోయి ఆగాను. తెలియదమ్మా, పక్కన కూర్చుని చూస్తానన్నాను. ఈ వయసులో నిలబడి తర్జుమా చెయ్యమనేవాళ్ళు లేరు కదా, కుర్చీ లాక్కున్నాను.