నల్లబెల్లం మీద నేను రాసిన మాట

చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారికి కొంచెం లోపలగా ఉన్న ఒక ఊళ్లో రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. ఒకటి వదిన ఇల్లు, ఒకటి మరిది ఇల్లు. మరిది పైవాళ్లకు చాడీ చెప్పాడని, అందుకే ఆవిడ బెల్లం గానుగకు రావలసిన షెడ్డు రాలేదని ఆ ఊళ్లో అందరూ నమ్ముతున్నారు. ఆ చాడీ చెప్పింది ఆయన కాదు. నేను.

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక చిన్న సర్వే సంస్థలో పనిచేసేవాణ్ణి. పల్లెల్లో పంటల మీద ఆధారపడి ఎలాంటి చిన్న వ్యాపారాలు నిలబడతాయో తిరిగి చూసి నివేదిక రాయడం మా పని. చీడికాడ వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్లు, రోలుగుంటలో నారు పెంచి అమ్మేవాళ్లు, వడ్డాది సంతకు కూరగాయలు పోగుచేసి పంపేవాళ్లు, చెరకు ఆడి బెల్లం వండేవాళ్లు. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఒక ఫారం నింపాలి. సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరు కొంటారు, ఇంకో నలుగురికి పని దొరుకుతుందా, ఇలాంటి ప్రశ్నలు. చివర రిమార్కులు అని చిన్న గడి ఉండేది. మండలానికి రెండు చొప్పున మేము సిఫారసు చేసినవాటికి రేకుల షెడ్డు, స్టీలు పెనాలు ఇచ్చే పథకం ఒకటి అప్పుడు నడుస్తోంది. పైవాళ్లు ఫారం అంతా చదవరు. ఆ గడి మాత్రం చదువుతారు. ఆ సంగతి నాకు తెలుసు.

నన్ను ఆ మండలాలకు పంపింది నాది చోడవరం కాబట్టే. "నువ్వు లోకల్ వాడివి, నీకు ఎవరూ అబద్ధం చెప్పలేరు" అన్నాడు మా పై ఆయన. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎక్కువే నచ్చింది.

వెళ్లిన ప్రతి ఊళ్లోనూ నన్ను అనుమానంగానే చూశారు. ఒక ముసలాయన నా సంచీని, చెప్పుల్ని, చేతిలో ఫారాన్ని వరసగా చూసి అడిగాడు.

"ఏ డిపార్టుమెంటు బాబూ?"

"ఏ డిపార్టుమెంటూ కాదు తాతా. ఇక్కడ వ్యాపారాలు ఎలా ఉన్నాయో చూడ్డానికొచ్చాను."

"సూసి?"

"రాస్తాను."

"రాసి?"

నేను ఫారం మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఆయన తలాడించాడు. "ఇంతకుముందూ ఒకడు ఇలాగే సంచీ తగిలించుకోని వచ్చేడు. మంచోడే. మజ్జిగ తాగేడు. రాసుకోని పోనాడు. ఆ ఎనకాతల రోడ్డొచ్చి మా కళ్లం మీద నుంచి పోనాది."

నేనూ వాళ్లను నమ్మలేదు. రెండు పెనాలున్నవాడు ముందు ఒక్కటే అనేవాడు. పథకం పేరు ఎత్తగానే మూడనేవాడు. ఇలాంటివి పది చూసేసరికి, ఎవరైనా నోరు విప్పకముందే ఇందులో ఏదో ఉందని వెతకడం నాకు అలవాటైపోయింది. దాన్నే పనితనం అనుకున్నాను.

మొదట చెప్పిన ఆ వదిన గానుగ దగ్గరికి నేను వెళ్లింది బెల్లం వండే రోజుల్లో, మంచి ఎండ కాస్తున్న ఉదయం. తాటాకుల పాక, కరెంటు మోటారుతో నడిచే గానుగ, పెద్ద పొయ్యి మీద ఒకే పెనం. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పక్కనే మరిది చెరకు చేను. రెండు ఇళ్లవాళ్లూ బదులు పని చేసుకునేవారు. ఈ రోజు వీళ్ల చెరకు ఆడితే రేపు వాళ్లది. బెల్లం ఒక్క మనిషితో అయ్యే పని కాదు. గానుగకు చెరకు పెట్టేవాళ్లొకరు, పిప్పి ఎండబెట్టేవాళ్లొకరు, పొయ్యి ఎగదోసేవాళ్లొకరు, తెట్టు తీసేవాళ్లొకరు. అన్నిటికన్నా ముఖ్యం పాకం చూసే మనిషి. ఒక్క చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, ఇక దించండి అని చెప్పాలి. ఆ మాట ముందు చెప్పినా, ఆలస్యంగా చెప్పినా పెనమంతా పాడైపోతుంది. అక్కడ ఆ మాట చెప్పేది మరిదే.

చాప మీద ఆరబెట్టిన దిమ్మలు చూశాను. చింతపండులా నల్లగా ఉన్నాయి.

"ఇంత నల్లగా ఉందేటమ్మా?" అని అడిగాను.

"మందు కలపం బాబూ. కలపకపోతే ఇలాగే ఉంతాది."

మందు అంటే బెల్లానికి బంగారు రంగు రావడానికి పాకంలో వేసే తెల్ల పొడి. మా వైపు దాదాపు అందరూ వేస్తారు. ఆవిడ బెండ మొక్కలు దంచి తీసిన జిగురు, చిటికెడు సున్నం తప్ప ఇంకేమీ వేయనంది.

"ఈ రంగుకు అనకాపల్లి మార్కెట్లో రేటు రాదు కదా?"

"ఆ మార్కెట్టుకి బెల్లం అట్టికెళ్లను."

"మరి ఎవరు కొంటారు?"

"కొనీవోళ్లు ఉన్నారు. ఇంటికొచ్చే అట్టికెళ్తారు."

"ఎవరు వాళ్లు?"

ఆవిడ తెట్టు తీసే గరిటె పక్కన పెట్టి నా చేతిలోని పెన్ను వైపు చూసింది.

"సెప్పకూడదు బాబూ."

నా పెన్ను అక్కడే ఆగింది. మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి నల్లబెల్లం అనగానే ముందు గుర్తొచ్చేది నాటుసారా. రంగు చెడిన బెల్లం కొండల వైపు పోతోందంటే అది బట్టీకేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఎక్కణ్ణుంచో వచ్చినవాడైతే ఆ రంగు చూసి ఏమీ అనుకునేవాడు కాదు. నేను లోకల్ వాణ్ణి.

అంతలో పాక ముందు ఆటో ఆగింది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకామె చేతిలో మూత ఉన్న స్టీలు క్యాను. నన్ను చూడగానే ఇద్దరూ నిలబడిపోయారు. ఆవిడ వాళ్లకు కళ్లతోనే ఏదో చెప్పి, పిప్పి కుప్ప వెనక్కి తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు క్యాను బరువుగా వేలాడుతోంది. రెండో ఆమె పైటకొంగు కింద కాగితం పొట్లం దాచుకుంది. ఆటో చీడికాడ వైపు, అంటే కొండల వైపు, తిరిగింది.

"ఎవరమ్మా వాళ్లు?"

"సుట్టాలు" అంది. నా ముఖం చూడకుండా అంది.

మరిది నన్ను రోడ్డు దాకా సాగనంపి, టీ కొట్టు దగ్గర ఆపి టీ ఇప్పించాడు. అరగంట కూర్చున్నాం. ఊళ్లో సగం మంది మమ్మల్ని చూశారు.

"ఆ షెడ్డేదో మా వొదినకి వచ్చేలాగ సూడు బాబూ" అన్నాడు. "వానొత్తే పొయ్యిలోకి నీలొచ్చెత్తన్నాయి. ఆవిడ బెల్లంలాటిది ఈ సుట్టుపక్కల లేదు."

"ఎవరికి అమ్ముతుంది?"

"అది నన్నడక్కు. ఆడోళ్ల యవ్వారం."

"చెప్తే ఏమైంది?"

"నాను పాకం సూత్తాను, దింపుతాను. ఎవులైనా అట్టికెళ్లడానికొత్తే తల అటేపు తిప్పుకుంతాను."

"ఎందుకు తిప్పుకోవడం?"

ఆయన నవ్వాడు. "పెళ్లయినోడివే కదేటి? ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడుగు."

నన్ను ఎగతాళి చేశాడనుకున్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిణ్ణి అడగలేదు.

రిమార్కుల గడిలో మూడు వాక్యాలు రాశాను. సరుకు నాసిరకం. కొనేవారి వివరాలు దాస్తున్నారు. సారా తయారీకి వెళుతున్నట్టు స్థానిక సమాచారం.

ఈ మూడో వాక్యం చివరి రెండు మాటల గురించే ఇదంతా రాస్తున్నాను. నాకు ఎవరూ సమాచారం ఇవ్వలేదు. నా అనుమానం అని రాస్తే పైవాళ్లు ఎందుకు, ఏమిటి అని అడుగుతారు. స్థానిక సమాచారం అంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకే అలా రాశాను. రాస్తున్నప్పుడు మంచి మాట దొరికిందని కూడా అనుకున్నాను.

ఆవిడ పేరు జాబితాలోకి ఎక్కలేదు. కొన్నాళ్లకు ఎక్సైజు వాళ్లు ఇద్దరు పాకకు వెళ్లి క్యాన్ల మూతలు తీసి వాసన చూశారట. పిప్పి కుప్ప కర్రతో కెలికారట. ఏమీ దొరకలేదు. పోతూ పోతూ ఒకాయన, "మాకేం సరదానా అమ్మా, మీ ఊరివాళ్లే సమాచారం ఇచ్చారు" అన్నాడట. ఊరివాళ్లు అనగానే అందరికీ గుర్తొచ్చింది టీ కొట్టు దగ్గర నాతో అరగంట కూర్చున్న మనిషి. ఆవిడ మర్నాడు ఆయన చెరకు ఆడనివ్వలేదు. ఆయన పాకం చూడడానికి రాలేదు. ఆవిడ ఒకసారి కూలి మనుషుల్ని పెట్టి వండించింది. పాకం ముదిరి పెనానికి అంటుకుపోయింది. మళ్లీ పొయ్యి వెలిగించలేదు.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. సారా బట్టీవాళ్లను పట్టించినంత ధీమాగా ఇంకో మండలానికి వెళ్లిపోయాను.

రెండేళ్ల తర్వాత మా అక్క కూతురు పురుడు పోసుకోవడానికి చోడవరం వచ్చింది. నేను చూడ్డానికి వెళ్లాను. ఇంకా నొప్పులు మొదలవలేదు. అటక మీద నుంచి ఏదో దించమని అక్క అంటే ఎక్కాను. పాత దుప్పటి వెనక, గుడ్డ చుట్టిన డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తే నల్లబెల్లం. అదే చింతపండు రంగు.

"ఇదెక్కడిదే?" అన్నాను.

"ఒరే, మూతెట్టెయ్. ఎక్కడిదని అడక్కూడదు."

"ఏం?"

"కాయానికిరా. పురుడు అవకముందు ఎవులికీ తెలీకూడదు. దిష్టి తగులుతాది. అమ్మినోళ్లూ సెప్పరు, కొన్నోళ్లూ సెప్పరు. పురుడయ్యేక అడుగు, సెప్తాను."

కాయం అంటే మా వైపు బాలింతలకు పెట్టే మందు. నల్లబెల్లం, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు నువ్వులనూనెతో కలిపి ఉడికించి, రోజూ ఇంత ఉండ చేసి పెడతారు. తెల్ల పొడి వేసిన బంగారు రంగు బెల్లం దానికి పనికిరాదు. నా ఇద్దరు పిల్లలు మా ఆవిడ పుట్టింట్లోనే పుట్టారు. ఆవిడ కాయం తినడం చూశాను. ఆ బెల్లం ఎక్కణ్ణుంచి వస్తుందని ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు క్యానులో, కొంగు కింద పొట్లంలో వెళ్లింది ఇదేనన్నమాట అనుకుంటూ డబ్బా పట్టుకుని అటక మీదే ఉండిపోయాను. "దిగవేటిరా, ఆడే కాపరం ఎట్టెత్తావా?" అంది అక్క.

పురుడయ్యాక అడిగాను. ఆ గానుగ ఆవిడ దగ్గరిదే. గానుగ ఆగిపోకముందు తెచ్చి దాచిందట. "పిల్ల పెళ్లవగానే తెచ్చీసేను. ఇప్పుడు ఎంత ఎతికినా దొరకదు. మరిదే పట్టించేసేడంట, ఎదవ" అంది. ఆ తిట్టు తిట్టి, పాకలో సోదా దగ్గర్నుంచి జరిగిందంతా అక్కే చెప్పింది. ఆ తిట్టు నాకు తగలవలసింది. అక్కకు ఆ రోజు చెప్పలేకపోయాను.

ఆ తర్వాత వెళ్లాను. వెంటనే కాదు, ఇంకో ఏడాది గడిచాక. అప్పటికి ఆ సంస్థ మూతపడింది. ముందు మరిది చేను దగ్గరికి వెళ్లాను. అది కూడా తప్పేనని తర్వాత తెలిసింది. గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. ఆయన చెరకు ఎండాకు దూస్తూ వింటున్నాడు. తిట్టలేదు.

"అయితే ఆ రోజు నా టీ తాగే రాసేవు" అన్నాడు.

"అవును."

"నాతో కాదు, ఆవిడతో సెప్పు. నా కాడికొచ్చేనని మాత్తరం అనకు." నేను కదిలాక వెనక నుంచి పిలిచాడు. "పెనానికి నూనె రాత్తందో లేదో సూడు. తుప్పట్టెత్తాది."

పెనం పాక మూల బోర్లించి ఉంది. దాని మీద గోనెసంచి కప్పి ఉంది. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది.

"ఎవులు పంపేరు?"

"ఎవరూ పంపలేదమ్మా."

"ఇప్పుడు ఎక్కణ్ణుంచి వత్తన్నావు? ఆళ్ల సేను గట్టు మీద నుంచి దిగడం సూసేను."

ఇంకోసారి అబద్ధం చెప్పలేకపోయాను. "ఆయన్ని కలిసే వచ్చాను. కానీ ఆయన పంపలేదు."

"అదే. ఆ రోజూ కలిసేవు, ఈ రోజూ కలిసేవు."

"ఆ రోజు మీ గురించి మంచే చెప్పాడమ్మా. మీకు షెడ్డు రావాలన్నాడు."

"మంచి సెప్తే సెడు ఎలా రాసేవు?"

వినకముందే రాసేశానని చెప్పాలేమో. అప్పుడు మాత్రం ఆ గడిలో రాసిన మూడు వాక్యాలే మళ్లీ చెప్పాను.

"సరే, నువ్వు రాసిన ఆ కాయితం సూపించు" అంది.

"లేదమ్మా. ఆఫీసు మూసేశారు. ఎక్కడుందో తెలీదు."

ఆవిడ లేచి గోనెసంచి సర్దింది. అంచు దగ్గర పెనం ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. "ఆ రోజు నా నోటిమాట నమ్మక కాయితం మీద ఎక్కించేవు. ఈ రోజు కాయితం లేదు, నోటిమాట నమ్మమంతన్నావు. ఎల్లిరా బాబూ."

ఆవిడ అడిగింది న్యాయమే. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆ గడిలో స్థానిక సమాచారం అని రాసినప్పుడు, ఆ స్థానికుణ్ణి నేనొక్కణ్ణే. మరిది తన వదిన గురించి నాతో ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. ఆవిడ బెల్లం బాలింతల ఇళ్లకు తప్ప మరెక్కడికైనా వెళ్లిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇది అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకెళ్లి ఆవిడ చేతికిస్తాను. ఈసారి రోడ్డు వైపు నుంచే వెళతాను, చేను గట్టు ఎక్కను. ఆవిడకు చదువు రాదు. ఎవరి చేత చదివించుకుంటుందో ఆవిడ ఇష్టం. నేను మాత్రం చదివి వినిపించను. నా గొంతులో వింటే ఆవిడ నమ్మదు.