చేప తిన్న రోజు మాత్ర

గున్నమ్మ కాలు ఒకచోట నిలిచేది కాదు. కళింగపట్నంలో ఎండుచేపల బుట్ట నెత్తికెత్తుకుందంటే ఆమదాలవలసలో దింపేదాకా ఆగేది కాదు. తిత్లీ తుఫానుకు ముందటేడు మాత్రం ఆ కాళ్ళు ఒకే గుమ్మం చుట్టూ తిరిగాయి. తమ్ముడు కూర్మయ్య కూతురు, తొమ్మిదేళ్ళ గౌరికి మూర్ఛరోగమని శ్రీకాకుళం డాక్టరు తేల్చాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర. ఒక్క పూటైనా మానకూడదన్నాడు.

మరదలు లక్ష్మణమ్మ చేపల బేరం మానేసి పిల్లను కనిపెట్టుకుని కూర్చుంది. ఆ ఇంటికి నీళ్ళు మోసింది గున్నమ్మే. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి తాళాల గుత్తి పట్టుకొచ్చిన ఇరుగుపొరుగమ్మల్ని అవతలికి నెట్టి, డాక్టరు చూపించినట్టు పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టిందీ ఆమే. ఈ జబ్బుకు దేవుళ్ళతో పనిలేదని గ్రీకు వైద్యులు ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందటే రాసిపెట్టారు. ఆ కబురుకు వంశధార దాటడానికి ఇంకా పడవ దొరికినట్టు లేదు. గున్నమ్మ దగ్గరికి మాత్రం చేరింది, సగం.

మిగతా సగమే కొంప ముంచింది. మందన్నాక పత్యం ఉండాలి కదా. డాక్టరు చెప్పకపోతే తనే చెప్పింది: "మందు మింగినన్నాళ్ళూ పిల్లకి సేప పెట్టకండర్రా."

మూడు నెలలు ఫిట్స్ రాలేదు. ఆ తర్వాత పదిహేను రోజుల్లో మూడుసార్లు వచ్చాయి. మూడోసారి పిల్ల పడవ అంచుకు కొట్టుకుని పడింది. నుదురు చిట్లింది. గున్నమ్మ మాత్రల అట్టలు ముందేసుకుని చూసింది. అయిపోవలసినవి మిగిలే ఉన్నాయి.

"ఒసే లక్ష్మణమ్మా, ఇవేటి ఇలగ మిగిలిపోనాయి?"

"మీ తమ్ముణ్ణి అడుగు వదినా."

కూర్మయ్య వల కుడుతూ తలెత్తలేదు. "సేపలు బాగా పడతన్నాయి గదప్పా. కూర వాసనకి పిల్ల గుమ్మంలో నిలబడి సూస్తాది. సేపలోడి కూతురికి ఓ ముక్క పెట్టలేనేటి? మందుకీ సేపకీ పడదని నువ్వే అన్నావు. అందుకే సేప తిన్న రోజు మాత్ర మానిపించినాను."

గున్నమ్మ మిగిలిన అట్టలు కొంగున మూటగట్టింది.

మర్నాడు నలుగురూ శ్రీకాకుళం బస్సెక్కారు. సీటు ఖాళీగా ఉన్నా గున్నమ్మ కూర్చోలేదు.

"తప్పు నాది బాబూ. పత్యం నేనే పెట్టినాను," అంది డాక్టరుతో.

"నేను చెప్పలేదే?"

"మీరు మర్సిపోనారనుకున్నాను."

డాక్టరు నవ్వబోయి, పిల్ల నుదుటి కట్టు చూసి ఆగిపోయాడు. చేప రోజూ పెట్టొచ్చు, మాత్ర రోజూ పడాలి అన్నాడు. ఫిట్స్ మళ్ళీ రావని మాత్రం మాటివ్వలేదు.

ఇంటికొచ్చి గున్నమ్మే పులుసు పెట్టింది. మాత్ర ముందు, ముద్ద తర్వాత. పిల్ల ముల్లు కూడా చప్పరించింది.

"కూకో వదినా, కాళ్ళు నొప్పెట్టవేటి?"

"రేపు నా బుట్ట నువ్వెత్తుకో. పిల్ల కాడ నేనుంటాను."

"నువ్వా? గంటసేపు ఇంట్లో ఉండగలవేటి?"

"నీ మొగుణ్ణి నమ్మేకంటే అదే నయం."

తెల్లారి లక్ష్మణమ్మ ఆమదాలవలస వెళ్ళింది, బుట్ట తీసుకుని, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి. గౌరి మాత్ర మింగి గవ్వలాట మొదలెట్టింది. గున్నమ్మ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. సాయంత్రానికి ఆ గుమ్మంలోనే ఆమదాలవలస దూరం నడిచి ఉంటుంది.