మూడు దొప్పల కింద మూడు ఊళ్లు

తెరిసమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా అరకులోయలో పుట్టినవారికి సముద్రం బొత్తిగా తెలియదనటం సరికాదు. మాఘమాసంలో తెల్లవారుతుండగా కొండకొమ్మున నిలబడితే, లోయ అంచుల దాకా తెల్లని మంచు నిండి ఉంటుంది. అవతలి కొండలు అందులో దీవులలాగా తేలుతుంటాయి. క్రైస్తవ సన్యాసినుల మఠం బడిలో చదివి, ఇరవైనాలుగో ఏటికి ఆ బడిలోనే పంతులమ్మ అయిన ఆ కొండదొరల పిల్ల, రోజూ బడికి పోతూ ఆ మంచు ఒడ్డున కాసేపు ఆగేది. 1927లో, ఆ మాఘంలో, మంచు మీద ఆమెకు మూడు ఊళ్లు కనిపించసాగాయి. సంతందేర్, మాలగా, కాదిజ్. మూడూ స్పెయిను దేశపు సముద్రతీరాన ఉన్న ఊళ్లు.

అవి ఇంత దూరం రావటానికి కారణం ఇనేసమ్మ. మూడేళ్లు సేవచేసి వెళ్లిపోదామని స్పెయిను నుంచి వచ్చిన ఆ సన్యాసిని, ఇరవైరెండేళ్లుగా ఈ కొండల్లోనే జ్వరాలకూ గాయాలకూ మందిస్తున్నది. ఏ ఆకు ఏ జబ్బుకు గుణమిచ్చిందో తన భాషలో రాసుకున్న పుస్తకాలు పదకొండయ్యాయి. ఇప్పుడామె కళ్లకు పొర కమ్ముతున్నది. తాను రాసినది తానే చదవలేని రోజు దగ్గర పడింది. ఆ పుస్తకాలు చదవగలిగేలా తెరిసమ్మను స్పెయినుకు పిలిపించి ఒక వేసవి పాటు స్పానిషు నేర్పుతామని ఇనేసమ్మ సంఘంవారు ఉత్తరం రాశారు. ఆ మూడు ఊళ్లలోనూ తమ మఠాలున్నాయనీ, ఏ ఊరికి రాదలచిందో ఆమెనే తేల్చుకొమ్మనీ అన్నారు. జవాబు శనివారం టపాలో కొండ దిగాలి.

వారం రోజులుగా తెరిసమ్మ ప్రతి సాయంత్రం ఇనేసమ్మ పక్కన కూర్చొని ఆ ఊళ్ల సంగతులు అడిగింది. ఇనేసమ్మ తెలుగు ఈ కొండల్లో నేర్చినదే.

"మాలగాలో ఎండ బాగుంటాది. ద్రాచ్చలు ఎండేస్తారు. కాదిజుకి మూడు పక్కలా నీళ్లే. మేడల మీద బురుజులు కట్టి, ఓడలొత్తన్నాయేటో అని సూత్తారు. సంతందేరు పచ్చగుంటాది. కొండలు, ఆవులు, వాన, మంచు..."

"మంచు కూడానా అమ్మగారూ?"

"మంచు కూడానే."

"వీటిలో మీది ఏ ఊరు?"

ఇనేసమ్మ నవ్వింది. "సెప్పను. సెప్తే నువ్వు అదే రాసీస్తావు."

తెరిసమ్మ మనసు సంతందేర్ వైపే జారింది. బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, ఆమె తెలియని ఒక వీధిలో వానకు తడుస్తూ నడిచేది. ఆ వీధి చివర తమ గూడెం కొండలాంటి కొండ ఉండేది. దాని వెనుక, సముద్రమంటే అదేనన్నట్లు, నీలం రంగు లోయ ఒకటి మెల్లగా ఊగేది. అక్కడ తానెవరికీ కొత్తది కాదనిపించేది. అయితే ఇంట్లో అమ్మమ్మ ముత్యాలమ్మ ముఖం చూడగానే ఆ వీధి మాయమయ్యేది. తల్లి పోయిన నాటి నుంచి తెరిసమ్మను పెంచిన ఆ ముసలమ్మ ప్రయాణాన్ని కాదనలేదు, ఔననలేదు. రాగిపిండితో చోడి అంబలి కలుపుతూ ఒకసారి మాత్రం, ఇనేసమ్మను తలచుకొని, "తెల్లమ్మ మూడేళ్లకని కదే వచ్చినాది," అన్నది. అంతకు మించి చెప్పనక్కర లేకపోయింది.

శుక్రవారం పొద్దు వాలే వేళ, తెరిసమ్మకు తన మేనమామ కొత్త ఇంటికి స్థలం చూసిన తీరు గుర్తుకొచ్చింది. కొండవాళ్లు ఇల్లు కట్టదలచిన చోట నేల అలికి, విరగని బియ్యపుగింజలు పేర్చి, దొప్ప బోర్లించి వెళతారు. తెల్లవారి తీసినప్పుడు గింజలు పెట్టినవి పెట్టినట్లుంటే అక్కడ ఇల్లు నిలుస్తుంది. చెదిరితే వేరే చోటు వెతకాలి. ప్రభువును నమ్మిన తాను ఇలా చేయవచ్చునా అని క్షణకాలం జంకింది. అయినా పెరట్లో మూడు చోట్ల నేల అలికి, ఒక్కో చోట తొమ్మిది గింజలు పేర్చింది. అడ్డాకు దొప్పలు మూడింటి మీదా ముల్లుతో ఊళ్ల పేర్లు గీసి, గింజల మీద బోర్లించి, రాళ్లు పెట్టింది.

తెల్లవారాక, మంచులోనే వచ్చి దొప్పలు తీసింది. మాలగా గింజలను రాత్రి ఏ పందికొక్కో కెలికిపోయింది. కాదిజ్ కింద ఏడే ఉన్నాయి. సంతందేర్ కింద తొమ్మిదీ, పేర్చిన తీరు చెడకుండా, పూసలలాగా మెరుస్తున్నాయి. ఆనందంతో ఆమె కళ్లు చెమర్చాయి.

"ఏటే గుంటా, సల్లో కూకొని ఏటి సేత్తన్నావు? ఇల్లు కడతావేటి?"

ముత్యాలమ్మ వెనుక నిలబడి ఉన్నది. తెరిసమ్మ దాచలేక అంతా చెప్పింది. ముసలమ్మ వంగి, నిలిచిన తొమ్మిది గింజలనూ చాలాసేపు చూసింది.

"ఇల్లు కట్టడానికి కదే గింజలు నిలవాల. నువ్వు ఎల్లి రావాలి గానీ అక్కడ నిలిసిపోవాలేటి? ఇది ఎలాటి ఊరే?"

"మన ఊరులాగే ఉంటుందట అమ్మమ్మా. కొండలు, వాన, మంచు."

"అదే మరి! నీ కొండలాటి కొండ, నీ వానలాటి వాన. ఇంకెందుకే ఒస్తావు?"

తన కలలోని వీధిలో తానెవరికీ కొత్త కాదు; నిజమే. ఆ వీధిలో నడిచినన్ని రోజులూ ఇంటికి తిరిగివచ్చే దారి ఒక్కసారైనా కనిపించలేదని తెరిసమ్మకు ఇప్పుడే తట్టింది.

ముత్యాలమ్మ అప్పటికే కాదిజ్ దగ్గర చతికిలబడి, "ఇక్కడి రెండూ ఏటైపోనాయి?" అంటూ నేల వెతుకుతున్నది. చీమలబారు ఒకటి పెరడు దాటి గుమ్మం వైపు సాగింది. ఆ రెండు గింజలూ ఇంటి గడప పక్కన, చీమలు మోయలేక వదిలిన చోట దొరికాయి.

"సూడు, ఇంటికొచ్చీసినాయి," అన్నది ముసలమ్మ, ఎన్నో రోజుల తర్వాత నవ్వుతూ.

ఆమె ఆ రెండింటినీ తన పొగాకు డబ్బాలో వేసుకొని, మిగిలిన ఏడింటినీ మనుమరాలి కొంగున ముడివేసింది. "ఈ ఊరే రాయి. ఏడూ నీకాడ, రెండూ నాకాడ. నువ్వొచ్చినాక కలిపి ఒండుదాం. బేగి పద. టపా మనిసి ఎలిపోతాడు."

మఠంలో తెరిసమ్మ జవాబు రాసి, ఇనేసమ్మకు చదివి వినిపించింది. కాదిజ్ అన్న పేరు దగ్గర, జపమాల తిప్పుతున్న ఇనేసమ్మ చేయి ఆగింది.

"ఎవలు సెప్పినారు?"

"గింజలు," అన్నది వెంట వచ్చిన ముత్యాలమ్మ, గుమ్మం దగ్గర నుంచే.

ఇనేసమ్మ ఆ కథంతా విన్నది. పొరలు కమ్మిన కళ్లు తుడుచుకుంటూ, "అది నా ఊరే," అన్నది మెల్లగా. "బురుజెక్కి మా అమ్మ సూసీదంట, నేనొచ్చే ఓడ కోసం."

ముత్యాలమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చున్నది. తెరిసమ్మ ఉత్తరం మడిచి టపా మనిషికి ఇచ్చి వచ్చింది. బయట అతను ఈటెకు కట్టిన గంటలు మోగించుకుంటూ మంచులోకి దిగిపోయాడు.

ఆ ఏడాది కార్తీకంలో, వలిసె చేలు పూసి లోయ పసుపుపచ్చనైన వేళ, ముత్యాలమ్మ పొయ్యి మీది చోడి అంబలిలో తొమ్మిది బియ్యపుగింజలు ఉడికాయి. పక్కన చాప మీద తెరిసమ్మ మొదటి మందుల పుస్తకం తెరిచి, ఆగి ఆగి చదువుతున్నది. ఆమె తప్పు చదివిన చోటల్లా ఇనేసమ్మ సరిదిద్దుతున్నది. కంచంలో కాదిజ్ వెళ్లివచ్చిన గింజలేవో, ఇంట్లో ఉన్నవేవో తెలియలేదు.