మా ఇంటితో మాట్లాడొద్దన్న రోజులు

రాజనీతిశాస్త్రం చదివినవాడికి రాజెవరో, నీతి ఎక్కడుందో తెలియకపోయినా ఫరవాలేదు. నోరెప్పుడు మూసుకోవాలో తెలిస్తే చాలు. నాకదే తెలియలేదు. డిచ్‌పల్లి క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతూ, మా వైపు ఊళ్లలో నడిచే అభివృద్ధి కమిటీల మీద సెమినార్‌లో మాట్లాడాను. జరిమానా వేసే అధికారం వాటికి ఏ చట్టమూ ఇవ్వలేదన్నాను. సారు మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. క్లాసులో చెల్లిన మాట బోధన్ చెరుకు తోటల మధ్య మా ఊళ్లో కూడా చెల్లుతుందనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఆ వారమే మా ఊరి కమిటీ, ఊళ్లో కోళ్లమ్మే హక్కుకు తాను పెట్టే వేలం పాడకుండా కోళ్లమ్మిందని ఒక ఒంటరి ఆడమనిషికి జరిమానా వేసింది. నేను మీటింగులో లేచి అదే ఉపన్యాసం దంచాను. రాజ్యాంగంలో మీ కమిటీ ఎక్కడుందని అడిగాను.

"మీ ఇల్లు గూడ రాజ్యాంగంల లేదు గద బిడ్డా," అన్నాడు కమిటీ పెద్దమనిషి.

అందరూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేసరికి తీర్పయిపోయింది. మా ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడినవాళ్లకు దండుగ. మా ఊళ్లో జరిమానాను దండుగ అంటారు. నా చదువునూ అదే అన్నారు.

మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపు అసలే మాట తక్కువ మనిషి. నేను బస్సెక్కి హాస్టల్‌కు పోయాను, అక్కడ మాటలకేం కొదవ. శిక్ష పడింది అవ్వకు.

అవ్వా, ఎదురింటి పెద్దమ్మా కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. చేతులు ఆకు మీద, నోళ్లు ఊరి మీద. ఇప్పుడు ఎవరి గడపలో వాళ్లు. పెద్దమ్మ కొన్నాళ్లు తన మేకతో మాట్లాడింది. "తిన్నవానే? మోకాలి నొప్పి తక్కువైందానే?" అని గట్టిగా అడిగేది. మోకాలి నొప్పి మేకకు లేదు, అవ్వకుంది. అవ్వ మా గోడకు జవాబు చెప్పేది. ఎవరో చాడీ చెప్పారు. పెద్దమ్మ కొడుకు భయపడి మేకను ఇంటి వెనక కట్టేశాడు.

నన్ను అవ్వ ఒక్క మాటా అనలేదు. సెలవు దొరికి ఇంటికొస్తే ఊరి సంగతులు అడిగేది. ఊళ్లో ఉండని నన్ను.

ఆ చలికాలంలో ఒక పొద్దున, బీడీల చాట ఒళ్లో ఉండగానే అవ్వ గుండె ఆగిపోయింది. శవం దగ్గర బాపు, కబురందుకుని వచ్చిన నేను, మేనమామ. అంతే. ఊరంతా గడపల్లో నిలబడి చూసింది. పెద్దమ్మ ఒక్కతే బాట దాటి వచ్చి, అవ్వ తలను ఒళ్లోకి తీసుకుంది. వీధిలో ఉన్న కమిటీ పెద్దమనిషి గట్టిగా దగ్గాడు.

"సచ్చినోళ్లతోటి మాట్లాడితె గూడ దండుగ ఏస్తరా అన్నా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. అవ్వకు చెప్పకుండా దాచుకున్నవన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి బర్రె ఈనిందో, చివరికి మా అవ్వ లేక తనకెంత తోచలేదో. ఆ మాటలు వింటూ గడపల్లోని ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. సాయంత్రానికి కమిటీ తీర్పు తానే వాపసు తీసుకుంది.

పదకొండో రోజు భోజనాలకు కమిటీ అంతా వచ్చింది. మా దగ్గర పెద్దమనుషులు తిన్నాకే ఆడవాళ్ల బంతి. నేను మొదటి విస్తరి పెద్దమ్మకు వేశాను. ఆమె లేచేదాకా రెండో విస్తరి వెయ్యనన్నాను. పెద్దమనిషి పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దమ్మకు పళ్లు లేవు. మెల్లగా తింది. ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, ఇంకింత అన్నం పెట్టమంది.